మూతపడిన మిల్లు, రెండు తీర్పులు: సోలాపూర్ 1949–1955

సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ పేరు తగలకుండా న్యాయశాస్త్ర విద్యార్థి రాజ్యాంగ పాఠం దాటలేడు. కంపెనీ వేరు, వాటాదారు వేరు అంటే అర్థమేమిటి? ఒక్కరి కోసమే చట్టం చేయవచ్చా? ఆస్తిని లాక్కోవడమంటే ఏది? ఈ ప్రశ్నలకు సుప్రీంకోర్టు ఇచ్చిన తొలినాటి జవాబులు ఈ ఒక్క మిల్లు చుట్టూ నడిచిన రెండు వ్యాజ్యాల్లో దొరుకుతాయి.

కంపెనీ 1870లలో పుట్టింది. ఊరివాళ్లు దాన్ని జూనీ మిల్లు, అంటే పాత మిల్లు అన్నారు. అప్పటికే సోలాపూర్ నేతగాళ్ల ఊరు. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు తరతరాలుగా వలస వచ్చి తూర్పు పేటల్లో స్థిరపడ్డారు. కొందరు ఇంటి మగ్గం మీద, కొందరు పదో ఇరవయ్యో మగ్గాలున్న కార్ఖానాలో కూలికి, కొందరు మిల్లులో పనిచేశారు. మిల్లు నడిస్తే వారం కూలి, ఆగితే షావుకారు దగ్గర అప్పు. పేటలకు తెలిసిన ఆర్థికశాస్త్రం అంతే.

1949 ఆగస్టు 27న మిల్లు ఆగింది. నెల ముందే యాజమాన్యం నోటీసు ఇచ్చింది. ఆనాటి పద్ధతిలో కంపెనీని నడిపేది డైరెక్టర్లు పెట్టుకున్న మేనేజింగ్ ఏజెంట్లు. లోపం వాళ్ల నిర్వహణదేనని ప్రభుత్వం తేల్చి 1950 జనవరి 9న ఆర్డినెన్సు తెచ్చింది. ఏప్రిల్‌లో దాని స్థానంలో పార్లమెంటు చట్టం వచ్చింది. దుర్నిర్వహణ వల్ల నిత్యావసర సరుకు ఉత్పత్తి దెబ్బతిన్నదనీ, జనంలో ఒక వర్గానికి తీవ్ర నిరుద్యోగం కలిగిందనీ దాని పీఠిక చెప్పింది. ఆ వర్గంలో తెలుగు మాట్లాడుకునే కూలీలు ఉన్నారన్న సంగతి పీఠికకు అక్కర్లేదు. ప్రభుత్వం నియమించిన డైరెక్టర్లు మిల్లును చేతికి తీసుకున్నారు. ఏజెంట్ల ఒప్పందం రద్దయింది. వాటాదారులు డైరెక్టర్లను ఎన్నుకోలేరు. వారి తీర్మానాలు ప్రభుత్వ ఆమోదం లేకుండా చెల్లవు. కంపెనీని మూసివేయమని కోర్టుకు వెళ్లాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి.

ఆర్డినెన్సుకూ రాజ్యాంగానికీ మధ్య దూరం 17 రోజులే. జనవరి 26 నుంచి పాత చట్టాలు కూడా ప్రాథమిక హక్కులకు లోబడాలని 13వ అధికరణం అన్నది. ఆ తలుపులోంచి చిరంజిత్ లాల్ చౌధరి అనే వాటాదారు సుప్రీంకోర్టులోకి నేరుగా వచ్చాడు. తన ఆస్తి పోయిందనీ (31వ అధికరణం), ఒక్క కంపెనీ మీదే చట్టం చేయడం సమానత్వానికి (14వ అధికరణం) విరుద్ధమనీ వాదించాడు.

1950 డిసెంబరు 4న తీర్పు వచ్చింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు పిటిషనును కొట్టేశారు. మొదటి మెట్టు కంపెనీ వ్యక్తిత్వం. చట్టం దృష్టిలో కంపెనీ తనంత తాను ఒక వ్యక్తి. మిల్లు భవనాలు, యంత్రాలు దానివి, వాటాదారువి కావు. అందువల్ల మిల్లు పోయిందన్న ఫిర్యాదు కంపెనీ చేసుకోవలసింది. వాటాదారు తన సొంత హక్కు దెబ్బతిన్నదని చూపిస్తేనే కోర్టు వింటుంది. మరి ఓటు హక్కు? వాటా అతని పేరనే ఉంది, అమ్ముకోవచ్చు, డివిడెండ్ ప్రకటిస్తే తీసుకోవచ్చు. ఓటూ డైరెక్టర్ల ఎన్నికా యాజమాన్యానికి తోడుగా ఉండే సదుపాయాలు, విడిగా ఆస్తి కావు అన్నారు.

రెండో మెట్టు మరింత వివాదాస్పదం. ఒక్క కంపెనీ కూడా ఒక వర్గం కావచ్చుననీ, చట్టం రాజ్యాంగానికి అనుగుణమన్న అనుకోలుతోనే కోర్టు మొదలవుతుందనీ, ఆ అనుకోలును కూల్చే భారం పిటిషనరుదేననీ మెజారిటీ నిర్ణయించింది. ఈ కంపెనీతో సమాన స్థితిలో ఉన్న ఇతర కంపెనీలను వదిలేశారని అతను చూపలేకపోయాడు. జస్టిస్ పతంజలి శాస్త్రి, జస్టిస్ ఎస్.ఆర్.దాస్ ఒప్పుకోలేదు. ఒక్కరి పేరు పెట్టి చట్టం చేసినప్పుడు అది సమానత్వాన్ని భంగపరచే పనేననీ, ఇంకెవరైనా ఉన్నారా అని వెతికే బరువు ఆ ఒక్కడి మీద వేయకూడదనీ వాళ్ల వాదం. చదివితే ఇప్పటికీ ఆ పక్షమే బలంగా కనిపిస్తుంది. అయినా 1958లో రామకృష్ణ దాల్మియా వ్యాజ్యంలో తీర్పు రాస్తూ దాస్ గారే మెజారిటీ సూత్రాన్ని స్థిరపరిచారు.

రెండో వ్యాజ్యం అదే చట్టం మీద, మరో దారిలో వచ్చింది. ప్రభుత్వ డైరెక్టర్లు మిల్లుకు సొమ్ము కావాలని ప్రిఫరెన్స్ వాటాల మీద వాటాకు 50 రూపాయల చొప్పున బకాయి అడిగారు. ద్వారకాదాస్ శ్రీనివాస్ అనే వాటాదారు కట్టనన్నాడు. బొంబాయి హైకోర్టులో ఓడిపోయాడు. 1953 డిసెంబరు 18న సుప్రీంకోర్టులో గెలిచాడు. ఈసారి దెబ్బ సూటిగా అతని జేబుకు తగిలింది కనుక ప్రశ్నించే అర్హత ఉన్నట్టే. కోర్టు కాగితం మీది పేరును కాక జరిగిన పనిని చూసింది. ఆస్తి కంపెనీ పేరనే మిగిలినా, దాన్ని అనుభవించే అధికారమంతా ప్రభుత్వం చేతికి పోయింది. పరిహారం ఇవ్వకుండా ఇలా తీసుకోవడం 31(2) అధికరణానికి విరుద్ధం. మొదటి వ్యాజ్యంలో విభేదించిన పతంజలి శాస్త్రి అప్పటికి ప్రధాన న్యాయమూర్తి.

జవాబు పార్లమెంటు నుంచి వచ్చింది. 1955లో నాలుగో సవరణ చేసిన మార్పుల్లో రెండు ఇక్కడ ముఖ్యం. యాజమాన్యం గానీ స్వాధీన హక్కు గానీ రాజ్యానికి బదిలీ కాకపోతే అది ఆస్తి స్వీకరణ కాదని 31(2ఎ) చెప్పింది. ప్రజాప్రయోజనం కోసమో, సరైన నిర్వహణ కోసమో పరిమిత కాలం ఆస్తి నిర్వహణను తీసుకునే చట్టానికి 31ఎ రక్షణ ఇచ్చింది. ద్వారకాదాస్ గెలుపు అలా సవరణలో కరిగిపోయింది.

ఈ వ్యాజ్యాలు రెండూ వేసింది వాటాదారులే. నిరుద్యోగాన్ని కారణంగా చూపి చట్టం పుట్టినా, నేతకూలి గోడు వాటిలో విచారణాంశం కాలేదు. కూలీకి కంపెనీలో వాటా లేదు, పోగొట్టుకోవడానికి రాజ్యాంగం ఆస్తి అని పేరు పెట్టినది ఏదీ లేదు. అతని సంగతి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చూడవలసినది. మిల్లు మూసినప్పుడు పరిహారం ఇవ్వాలన్న నియమం అందులోకి 1957 నాటి సవరణతో గానీ చేరలేదు.

1978 నాటి 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసింది. 31వ అధికరణం పోయి 300ఎ వచ్చింది. నిర్వహణ స్వీకరణకు రక్షణ ఇచ్చే 31ఎ మాత్రం రాజ్యాంగంలో నిలిచే ఉంది.