మేస్త్రీ కమీషన్ ఎవరి కూలిలోంచి?

1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో స్టేడియంలు, ఫ్లైఓవర్లు కట్టిన కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసల కనీస వేతనం రావాలి. కాంట్రాక్టర్లు ఆ డబ్బును కూలీల చేతికివ్వకుండా, వాళ్లను రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి తెచ్చిన జమాదార్లకు ఇచ్చారు. జమాదారు మనిషికి రోజుకో రూపాయి కమీషన్ పట్టుకుని 8 రూపాయల 25 పైసలు ఇచ్చేవాడు. పీయూడీఆర్ కేసులో సుప్రీంకోర్టుకు చేరిన ఫిర్యాదుల్లో ఈ రూపాయి ఒకటి. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయేనని జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం తేల్చింది. ఎవరూ కట్టేసి కొట్టకపోయినా, ఆకలికి తట్టుకోలేక ఒప్పుకున్నా అది బలవంతమే.

మన దగ్గర జమాదారు పేరు మేస్త్రీ. నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి ప్రాజెక్టుల మట్టి పనుల నుంచే 'పాలమూరు లేబర్' అనే మాట స్థిరపడింది. పైన కంపెనీ, దాని కింద పెద్ద మేస్త్రీ, ఆయన కింద గుంపు మేస్త్రీ, అట్టడుగున కూలీ. ఊళ్లో పెళ్లికో, ఆసుపత్రికో, పాత అప్పుకో అడ్వాన్సు ఇస్తారు. నెలల తరబడి చేసిన పని ఆ అడ్వాన్సులో చెల్లుతూ పోతుంది. లెక్క పుస్తకం మాత్రం మేస్త్రీ దగ్గరే ఉంటుంది.

మేస్త్రీకి డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, తలకింత అని కంపెనీ ఇచ్చే కమీషన్. రెండోది, కంపెనీ ఇచ్చే రేటుకూ కూలీకి చెప్పే రేటుకూ మధ్య తేడా. అసలు దోపిడీ ఈ రెండో దాంట్లో ఉంది, ఎందుకంటే కంపెనీ రేటు ఎంతో కూలీకి తెలియదు. ఇటుక బట్టీల్లో ఇది ఇంకా మసకగా ఉంటుంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి తెలంగాణ బట్టీలకు సర్దార్లు తెచ్చే కుటుంబాలకు వెయ్యి ఇటుకలకు ఇంత అని కడతారు. భార్యాభర్తలు, పిల్లలు కలిసి ఒక్క లెక్క. ఆడమనిషి చేసిన పనికి విడిగా పైసా రాసి ఉండదు.

మేస్త్రీ చాలాసార్లు అదే ఊరివాడు, ఒక్కోసారి అదే కులంవాడు, వరసకు బావో మామో. కేసు పెట్టమంటే కూలీలు వెనకాడేది ఇందుకే. కార్యకర్తలు కూడా కోపమంతా మేస్త్రీ మీదే పెట్టి కంపెనీని వదిలేస్తుంటారు. నా ఉద్దేశంలో ఇది పొరపాటు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం ప్రకారం కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమానే కట్టాల్సి ఉండేది.

1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఖాతాదార్, సర్దార్, ఏజెంట్, పేరేదైనా సరే, అందరినీ కాంట్రాక్టరు కిందే లెక్కేసింది. పని కాలం ముగిశాక కాంట్రాక్టరుకు మిగిలిన బాకీ రద్దయినట్టేనంది. నెల జీతంలో సగం, లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలంది. (2014 జూన్ 2 తర్వాత పాలమూరు నుంచి ఆంధ్రకు మేస్త్రీ తీసుకెళ్లిన కూలీ కూడా అంతర్రాష్ట్ర వలస కూలీయే. ఇది చాలామందికి తట్టదు.)

2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన వృత్తి భద్రతా కోడ్, కాంట్రాక్టరు కూలీ నుంచి ఏ రూపంలోనూ కమీషన్ తీసుకోకూడదని రాసింది. అదే కోడ్ వలస కూలీల అధ్యాయం వర్తించే సంఖ్యను అయిదు నుంచి పదికి పెంచింది. స్థానభ్రంశ భత్యం అందులో లేదు.

కోడ్‌లు వచ్చినా 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అలాగే ఉంది. కులం కారణంగా మోపిన బాధ్యత కూడా దాని నిర్వచనంలో ఉంది. అది వెట్టి బాకీ అని కూలీ చెబితే, కాదని నిరూపించుకోవాల్సింది అప్పిచ్చినవాడే. బాధితులు దళితులు, ఆదివాసీలైతే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(హెచ్) కూడా వేయించాలి. ఫిర్యాదు రాసేటప్పుడు అడ్వాన్సు ఎంత, ఎవరి ముందు ఇచ్చారు, పుస్తకం ఎవరి దగ్గరుంది, పని ఏ కంపెనీది అన్నవి మొదటి పేజీలోనే రాయించండి.