265 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు

పోయినేడాది ఒక రాత్రి రెండున్నరకి అమ్మ ఫోన్. నాన్నకి గుండెల్లో నొప్పి, విజయవాడ ఆసుపత్రిలో చేర్చారట. విమానమైతే తొందరగా వెళ్తానని టికెట్ కొని, నాలుగుంపావుకి మియాపూర్లో బయల్దేరాను. బాబాయి కొడుకు మాత్రం అదే సమయానికి బస్సెక్కాడు. నేను 8:50కి నాన్న మంచం దగ్గరున్నాను. వాడు 9:30కి వచ్చేశాడు! ఇంజనీరు బుర్ర కదా, నాన్న కుదుటపడ్డాక లెక్కలు మొదలెట్టాను.

రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని హావర్‌సైన్ ఫార్ములాలో వేస్తే శంషాబాద్ నుంచి గన్నవరానికి దాదాపు 264 కి.మీ. వచ్చింది. ఏటీఆర్ విమానం గంటకి 500 కి.మీ. దాకా పోతుంది, అంటే అరగంట పైచిలుకు పని. మరి టికెట్ మీద గంట ఎందుకుంటుంది? ఎందుకంటే వాళ్ళు లెక్కపెట్టేది గాల్లో ఉన్న టైము కాదు, ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా. రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్ళడం, వరసలో నిలబడడం అన్నీ అందులోనే.

ఈ రెండు ఊళ్ళ మధ్య దూరానికి పెద్ద కథే ఉంది. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. కానీ తిన్నగా కాదు, కాజీపేట, డోర్నకల్ మీదుగా చుట్టు తిరిగి, సుమారు 350 కి.మీ. సింగరేణి బొగ్గు అటువైపే ఉంది మరి. బొగ్గు కోసం వేసిన వంపులో మనం ఇప్పటికీ తిరుగుతున్నాం.

1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. 1953లో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. వాళ్ళ డకోటాల వేగం గంటకి 300 కి.మీ. లోపే. ఈ దూరం ఎగరాలంటే దాదాపు గంట. అంటే అప్పటికీ ఇప్పటికీ మనం గాల్లో మిగుల్చుకుంది పాతిక నిముషాలు. అంతే.

2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ ఏటీఆర్‌ని ఇదే దారిలో మొదలెట్టారు. మొదటి రోజే బేగంపేటలో, ఇంకా గాల్లోకి లేవకుండానే, ఇంజనులో మంటలు! లోపల వెంకయ్యనాయుడు గారు కూడా ఉన్నారు. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

అసలు తమాషా 2008లో జరిగింది. ఆ మార్చిలో విమానాలన్నీ బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారాయి. పాత చోటి నుంచి గన్నవరం 268 కి.మీ., కొత్త చోటి నుంచి 264. అంటే ఆకాశంలో నాలుగు కిలోమీటర్లు తగ్గింది. కానీ ఊరి నడిబొడ్డున ఉన్న బేగంపేటకి ఆటోలో పోయేవాళ్ళం, శంషాబాద్ అంటే ఊరవతల. డకోటా నుంచి ఏటీఆర్‌కి రావడంలో మిగిలిన పాతిక నిముషాలూ, ఇంకొంచెం వడ్డీతో సహా, రోడ్డు మీద కట్టేస్తున్నాం. అటువైపు గన్నవరం కూడా విజయవాడకి ఇరవై కిలోమీటర్ల దూరం.

పెద్ద విమానాశ్రయం కట్టొద్దనను. ఢిల్లీకో దుబాయ్‌కో వెళ్ళేవాడికి ఈ అదనపు గంట లెక్కలోకి రాదు. పక్క ఊరికి వెళ్ళేవాడికే అది ప్రయాణంలో నాలుగో వంతు. నా నాలుగున్నర గంటల్లో గాల్లో ఉన్నది ముప్పై ఎనిమిది నిముషాలు.

తిరుగు ప్రయాణం బస్సులో చేశాను. మియాపూర్ స్టాపు నుంచి మా ఇంటికి నడక దూరం.