నిరుద్యోగ రేటు తగ్గితే ఉద్యోగాలు పెరిగినట్టేనా? లెక్క ఇలా చదవండి

‘నిరుద్యోగం తగ్గింది’ అన్న వార్త ఫోన్‌లో చూసి, ‘మరి మా ఏలూరులో ఉద్యోగాలేవీ?’ అనుకున్నారా? ఆ అంకె ఎవరిని లెక్కిస్తుందో తెలిస్తే ఈ తేడా అర్థమవుతుంది.

లెక్క ఎవరిది?
జాతీయ గణాంక కార్యాలయం 2017 నుంచి ఇళ్లకు వెళ్లి ‘పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే’ చేస్తోంది. 2025 నుంచి దేశవ్యాప్త ఫలితాలు నెలనెలా వస్తున్నాయి. అవి ఏలూరు, తాడేపల్లిగూడెం అంకెలు కావు.

పనిలో ఉన్నట్టు ఎవరు లెక్క?
నెలవారీ లెక్కలో, అంతకుముందు ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా చాలు. కొల్లేరులో చేపల పట్టుబడికి వారంలో ఒక్కరోజే కూలి దొరికిన వ్యక్తి, సొంత చెరువు దగ్గర జీతం లేకుండా పనిచేసే ఇల్లాలు, తాడేపల్లిగూడెంలో నెలజీతం అందుకునే గుమస్తా.. ముగ్గురూ ‘పనిలో ఉన్నవారే’.

నిరుద్యోగి ఎవరు?
పని లేక వెతుకుతున్నవారు, లేదా దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవారు. గ్రూప్స్‌కు చదువుతూ ‘ఇప్పుడు పని వద్దు’ అనే యువకుడు ఈ లెక్కలోకే రాడు.

మీ వీధిలో 15 ఏళ్లు దాటినవారు 100 మంది అనుకోండి. 57 మంది పనిలో ఉన్నారు, ముగ్గురు వెతుకుతున్నారు. మొత్తం 60 మందిలో ముగ్గురు, అంటే నిరుద్యోగ రేటు 5 శాతం. ఆ ముగ్గురిలో ఒకరు విసిగి ఇక ఉద్యోగమే వద్దనుకున్నారు. ఇప్పుడు 59 మందిలో ఇద్దరు, రేటు 3.4 శాతం. కొత్తగా ఒక్క ఉద్యోగమూ రాలేదు, రేటు మాత్రం తగ్గింది!

ఇంకేం చూడాలి?
* పనిలో ఉన్నవారి శాతం: జనాభాలో ఎంతమంది నిజంగా పనిచేస్తున్నారో ఇది చెబుతుంది.
* పని రకం: వార్షిక లెక్కల్లో దేశ నిరుద్యోగ రేటు 2017-18లో 6.1 శాతం, 2023-24లో 3.2 శాతం. అదే కాలంలో పనిచేసేవారిలో నెలజీతగాళ్ల వాటా 22.8 నుంచి 21.7 శాతానికి తగ్గింది. స్వయం ఉపాధి వాటా 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగింది.
* పీఎఫ్ లెక్కలు: కొత్త పేర్లన్నీ కొత్త ఉద్యోగాలు కావు. పాత సంస్థ పీఎఫ్ పరిధిలోకి వచ్చినా, అందులో ముందునుంచీ పనిచేస్తున్నవారు కొత్త సభ్యులుగా చేరతారు.

డిగ్రీ పూర్తయిన పిల్లల్ని హైదరాబాద్ పంపాలా, ఇక్కడే చెరువు లీజుకు పెట్టుబడి పెట్టాలా అని ఆలోచిస్తున్నారా? దేశపు రేటు ఒక్కటే చూసి తేల్చుకోకండి. మీ చుట్టుపక్కల నెలజీతం ఉద్యోగాలు ఎన్ని వస్తున్నాయో, ఎంత ఇస్తున్నారో కూడా వాకబు చేయండి.