నల్లమల దారిలో టూరిన్ ఇంజను

పాత ఇటలీ కూపే ఒకదాన్ని కొత్తదానిలా తీర్చి అమ్మకానికి పెట్టారన్న వార్త వచ్చినప్పుడల్లా దాని వెంబడి ఒక చరిత్ర కూడా వస్తుంది. టూరిన్ నగరంలో గొప్ప బాడీ శిల్పులు ఉండేవారు, రెండు తలుపుల సొగసైన బండ్లు చేశారు. ఆ ఇటలీ కార్లే మన దేశానికి వచ్చేసరికి నాలుగు తలుపుల టాక్సీలయ్యాయి, లైసెన్సుల కాలంలో ఎదుగూ బొదుగూ లేక నిలిచిపోయాయి, చివరికి బొంబాయి వీధుల్లో కన్నుమూశాయి. ఇంగ్లీషు పుస్తకాలు మొదలుపెట్టిన ఈ వరసనే మన పత్రికలూ అప్పజెబుతున్నాయి. ఇందులో ఇటలీ ఉంది, బొంబాయి ఉంది. కర్నూలు లేదు, కడప లేదు, శ్రీశైలం దారిలో ఉన్న ఆత్మకూరు అసలే లేదు. ఈ ఊళ్లను వదిలేసినందువల్ల ఆ చరిత్రలో కారణాలే తారుమారయ్యాయని నా అభిప్రాయం. దాన్ని సాధ్యమైనంత జాగ్రత్తగా నిరూపించడానికే ఈ వ్యాసం.

తొలి దశలు తెలిసినవే కాబట్టి త్వరగా దాటుతాను. ఫియట్ కంపెనీ 1899లో టూరిన్‌లో పుట్టింది. 1937లో వచ్చిన 508సి అనే చిన్నకారుకు డాంటే జకోసా అనే ఇంజనీరు నాలుగు సిలిండర్ల ఇంజను రూపొందించాడు: బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75, మొత్తం 1,089 సి.సి. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. యుద్ధం ముగిశాక పియెరో దూసియో అనే టూరిన్ వ్యాపారి చిసిటాలియా పేరుతో పందెపు కార్లు మొదలుపెట్టి, ఈ ఫియట్ ఇంజనుకే పదును పెట్టించి వాడుకున్నాడు. 1947 మిల్లె మిలియా పందెంలో నువొలారి తోలిన చిసిటాలియా రెండో స్థానంలో వచ్చింది. చిసిటాలియాకు పినిన్ ఫరీనా కట్టిన కూపే బాడీని న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం 1951లో ప్రదర్శనకు పెట్టింది, 1972లో తన శాశ్వత సేకరణలో చేర్చుకుంది. ఇటలీ కూపే అనగానే పండితులు ముందుగా తలిచే పేర్లలో అదొకటి. దాని బానెట్ కింద ఉన్నది ఆ 1,089 సి.సి. ఫియట్ ఇంజనే.

మన వైపు కథ కూడా అంతే క్లుప్తంగా చెప్పవచ్చు. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ మొదట అమెరికా డాడ్జ్, ప్లిమత్ బండ్లను బిగించి అమ్మింది. 1953లో ఇక్కడే తయారుచేసే ఉద్దేశం లేని కంపెనీలకు చోటు లేదని తేలాక ఫోర్డ్, జనరల్ మోటార్స్ తప్పుకున్నాయి. 1954లో కుర్లా కర్మాగారం నుంచి ఫియట్ 1100 వచ్చింది. తర్వాత ఎలిగెంట్, సెలెక్ట్, సూపర్ సెలెక్ట్, 1964లో డిలైట్. ఇటలీలో ఇదే రకానికి 1,221 సి.సి. ఇంజను పెడితే మనకు పాత 1,089నే ఉంచారు. 1974 నుంచి పేరు ప్రీమియర్ పద్మిని. చిసిటాలియా ఇంజను కొలతలూ, నంద్యాల సంతకు బాడుగకు పోయిన పద్మిని ఇంజను కొలతలూ మిల్లీమీటరు తేడా లేకుండా ఒకటే అన్న సంగతి మన వ్యాసాల్లో ఎందుకు కనబడదో నాకు అంతుబట్టదు. చిసిటాలియాలో కంప్రెషనూ కార్బురేషనూ వేరు, బాడీ అల్యూమినియం, శక్తి ఎక్కువ. ఆ తేడాలు నిజమే. వంశం మాత్రం ఒక్కటే.

మద్రాసు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. అక్కడ 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ బ్రిటిష్ కారే గాని, దాని రూపం గీసింది టూరిన్ శిల్పి జొవాన్ని మికెలొట్టి. అది తొలుత రెండు తలుపులతోనే వచ్చింది. ఇటలీవాళ్లు గీసిన రెండు తలుపుల కారు మన దక్షిణాదిలోనే తయారైందని ఎంతమందికి తెలుసు?

ఇక అసలు వివాదం 1964కూ 1985కూ మధ్య ఉన్న కాలం మీద. అందరూ దాన్ని స్తంభన అంటారు. డిలైట్ తర్వాత బాడీ మారలేదు, ఇంజను మారలేదు, గ్రిల్లూ దీపాలూ పేరూ మాత్రమే మారాయి; దీనికంతటికీ లైసెన్సుల రాజ్యమే కారణమని తీర్పు. ఇందులో సగం నిజం ఉంది. 1957 నాటి విదేశీ మారక సంక్షోభంతో దిగుమతి భాగాలకు కోత పడింది. 1959లో కార్ల పంపిణీ మీద నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 1969లో ధరలకు చట్టబద్ధంగా కట్టడి పెడితే ప్రీమియర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడింది. 1973 చమురు సంక్షోభం తర్వాత కారు కొనేవాళ్లే తగ్గిపోయారు. వీటిని కాదనను.

అయినా ఈ కారణాలు ఒక ప్రశ్నకు జవాబివ్వవు. 1966లో ఇటలీలో వచ్చిన ఫియట్ 124ను సోవియట్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుని తీసుకుంది, 1970 నాటికల్లా తొల్యాతి నగరంలో తయారీ మొదలుపెట్టింది. ప్రభుత్వ పెత్తనం అక్కడ మనకన్నా ఎక్కువే గదా! మనకు అదే 124 బాడీ 1985లో ప్రీమియర్ 118ఎన్‌ఈ రూపంలో వచ్చింది. పెత్తనమొక్కటే అడ్డమైతే ఈ పదిహేనేళ్ల తేడాకు అర్థం లేదు. నాకు తోచిన కారణాలు రెండు. మొదటిది సంఖ్య. దేశం మొత్తం మీద ఏడాదికి కొన్ని పదుల వేల కార్లు అమ్ముడుపోయే రోజుల్లో, అవి మూడు కంపెనీల మధ్య పంచుకుపోయే రోజుల్లో, కొత్త బాడీకి కావలసిన డైల ఖర్చు గిట్టుబాటు కాదు. రెండోది, ఎవరూ రాయనిది, చిన్న ఊళ్ల మెకానిక్ షెడ్డు. ఈ కారును విప్పి మళ్లీ బిగించగల చేతులు అప్పటికే ఊరూరా తయారయ్యాయి. కొత్త కారు వస్తే ఆ చేతులకు కొత్తగా నేర్పాలి. కొనేవాడు దూరపు ఊరివాడైతే, తెలియని మంచి కారుకన్నా తెలిసిన పాత కారునే కోరుకుంటాడు. కంపెనీ దస్తావేజుల్లో ఈ కారణం కనబడదు కాబట్టి దీన్ని గట్టిగా నిరూపించలేను. షెడ్లలో పని చూసినవాళ్లెవరూ తోసిపుచ్చరని మాత్రం చెప్పగలను.

ఆ పని ఎలా ఉండేదో చూడాలంటే ఆత్మకూరు దారే సరైన చోటు. శివరాత్రికి కాలినడకన పోయేవాళ్లు నాగలూటి, పెచ్చెరువు మీదుగా అడవిలో నడిచి శ్రీశైలం చేరుతారు. బండ్లు మాత్రం బైర్లూటి మీదుగా దోర్నాలకు పోయి, అక్కణ్నుంచి ఘాటు ఎక్కాలి. ఆరుగురిని ఎక్కించుకుని ఎండలో ఎక్కే ఫియట్‌కు రేడియేటరు మరగడం ఒక్కటే బాధ కాదు. పెట్రోలును కార్బురేటరుకు ఎక్కించే పంపును మెకానిక్కులు ఏసీ పంపు అంటారు. అది ఇంజనుకు ఆనుకునే ఉంటుంది. ఇంజను వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరై, బండి మలుపులో ఆగిపోతుంది. సెల్ఫ్ ఎంత కొట్టినా లేవదు. డ్రైవరు దిగి బానెట్ ఎత్తి, తడిపిన గుడ్డను పంపుకు చుట్టి, బీడీ ముట్టించి చెట్టుకింద కూచుంటాడు. పంపు చల్లబడ్డాక బండి మొదటి కొట్టుకే లేస్తుంది. ఆ గుడ్డ విప్పకుండానే పైదాకా తోలేవాళ్లు. టూరిన్ ఇంజనీర్లు చేసిన ఇంజనును నల్లమల ఎండకు ఒప్పించిన ఉపాయం అది.

బోరు పని మరీ ముఖ్యం. రాయలసీమ దుమ్ముకు సిలిండర్లు త్వరగా అరిగిపోతాయి. పొగ పెరిగి, ఆయిలు తాగడం మొదలైతే బ్లాకు విప్పి లేత్ వర్క్‌షాపుకు పంపి బోరు పెంచి, ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు వేస్తారు. 68 మిల్లీమీటర్ల బోరు 0.6 పెరిగితే ఇంజను 1,109 సి.సి. అవుతుంది, ఆర్.సి. పుస్తకంలో మాత్రం 1,089 అనే ఉంటుంది. ఇంకా పెంచడానికి గోడ మందం మిగలనప్పుడు స్లీవ్ దింపి మళ్లీ 68కి తెస్తారు. అంటే ఆ ఇంజను తొలిజన్మకు తిరిగి వస్తుంది. ఒక్కో బ్లాకుకు రెండు జన్మలు, మూడు జన్మలు. స్టీరింగు కిందున్న గేరు రాడ్డు బుష్షులు, కింగ్‌పిన్నులు, ప్లాటినం పాయింట్లు అన్నింటికీ ఇదే తీరు. కంపెనీ విడిభాగం దొరక్కపోతే లేత్ మీద తీసేవారు. ఇరవై ఏళ్లు కారు మారలేదన్నది నిజమైతే, ఆ ఇరవై ఏళ్లలో ఇంత నైపుణ్యం పేరుకున్నదీ నిజమే. రెండోదాన్ని రాయని చరిత్ర సగం చరిత్ర.

ఇందుకు నా వైపు నుంచే ఒక మినహాయింపు. ఆ నైపుణ్యం లేమి నుంచి పుట్టింది. మంచి విడిభాగం దొరికితే ఎవడూ లేత్ మీద బుష్షు తీయడు. కారు కోసం ఏళ్ల తరబడి కాచుకున్నవాళ్లున్నారు. వచ్చిన కారుకు తలుపు సరిగా పడక, దానితోనే వేగినవాళ్లూ ఉన్నారు. షెడ్డును పొగడడానికి ఆ కష్టాన్ని కమ్మేయకూడదు.

1983 చివర మారుతి వచ్చింది, మిగతాదంతా తెలిసిందే. 118ఎన్‌ఈ గురించి మాత్రం ఒక సవరణ. 1967లో వచ్చిన ఫియట్ 124 స్పోర్ట్ కూపేకు ఇది చెల్లెలని ఇప్పటి అమ్మకపు ప్రకటనలు చెబుతున్నాయి. బాడీ పునాది వరకు సరే. ఆ కూపేకు పేరు తెచ్చింది ఔరేలియో లంప్రెది చేసిన జంట క్యామ్‌షాఫ్టుల ఇంజను. 118ఎన్‌ఈలో ఉన్నది నిస్సాన్ ఇంజను. డీజిల్ పద్మిని గుండె కూడా వేరే. టూరిన్ నెత్తురు వెతికేవాళ్లు పెట్రోలు పద్మిని దగ్గరే ఆగాలి. దాని తయారీ 2000 ప్రాంతంలో ఆగిపోయింది. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో తప్పుకున్నప్పుడు దేశమంతా నివాళులు రాసింది.

ఇప్పుడు తీర్చిన ఫియట్లకు గిరాకీ వచ్చింది. సంతోషమే. పని చూస్తే సంతోషం నిలవదు. రేకు కోసి కొత్త రేకు అతికించాల్సిన చోట పుటీ నింపి, పైన మెరిసే రంగు కొడుతున్నారు. తలుపు కింది అంచున అయస్కాంతం పెట్టి చూడండి. జారిపోతే అక్కడ ఇనుము లేదు. స్టీరింగు కిందున్న గేరును నేలమీదకు మార్చి, వెడల్పు టైర్లు, మరేదో కారు సీట్లు వేసి స్పోర్ట్స్ అని అమ్ముతున్నారు. నచ్చినవాళ్ల ఇష్టం. అదే బండిని ‘ఒరిజినల్’ అని అమ్మితే మాత్రం అబద్ధం. బోరు ఎంత, స్లీవ్ ఉందా, ఏ షెడ్డులో విప్పారు అన్న వివరం ఏ ప్రకటనలోనూ ఉండదు. ఇటలీలో ఇలాంటి కూపే అమ్మేటప్పుడు పాత రశీదులన్నీ కట్టగట్టి చూపిస్తారు, వాటికే సగం విలువ. మన దగ్గర ఆ పని చేసిన మేస్త్రీ పేరే కాగితం మీద లేదు.

2021 జూలైలో కేంద్రం తెచ్చిన నియమాలు దీన్ని కొంత సరిదిద్దుతాయనుకున్నాను. యాభై ఏళ్లు దాటిన బండిని 20,000 రూపాయల రుసుముతో చారిత్రక వాహనంగా నమోదు చేస్తారు; ముందే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంటుంది, కొత్తగా నమోదయ్యేదానికి ‘వి.ఎ.’ వరసలో నంబరు ఇస్తారు. అమ్మవచ్చు, ప్రదర్శించవచ్చు, ర్యాలీలో తోలవచ్చు. రోజువారీ వాడకానికి మాత్రం రోడ్డెక్కకూడదు. 1974 నాటి మొదటి పద్మినిలకు ఈ వయసు 2024లో నిండింది. చిక్కంతా మరో షరతులో ఉంది: ఛాసీలోనో బాడీలోనో ఇంజనులోనో మార్పు తెచ్చేంత పెద్ద మరమ్మతు జరిగి ఉండకూడదట. స్లీవ్ వేసిన బ్లాకు మార్పు కిందికి వస్తుందా, పోషణ కిందికి వస్తుందా? అధికారి ఇష్టాన్ని బట్టి ఎలాగైనా చదువుకోవచ్చు. మొదటిలా చదివితే, ఇంట్లో మూలన పడి ఉన్న బండి చారిత్రక వాహనమవుతుంది. దోర్నాల ఘాటు ఏళ్ల తరబడి ఎక్కి, షెడ్డులో రెండుసార్లు బతికి వచ్చిన బండి కాకుండా పోతుంది. ఆ గుర్తింపు వద్దనుకుని మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉంటే, పదిహేనేళ్లు దాటిన కార్ల పునర్నమోదు రుసుమును 2022లోనే 600 నుంచి 5,000కు పెంచారు. బోరు పెంచడం, స్లీవ్ దింపడం పోషణే అని ఆ నియమంలో స్పష్టంగా చేర్చాలి. ఏ షెడ్డులో, ఏ ఏట, ఎంత బోరు చేశారో రాసుకునే పత్రం ఒకటి రిజిస్ట్రేషన్‌కు జతచేయాలి. మొదటి తరం మేస్త్రీలు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. ఆ పత్రం నింపగలిగేది వాళ్లే.