పూడిమడక తీరాన ఆదివారపు టెలివిజన్

విశాఖపట్నానికి నైరుతిగా, నేరుగా కొలిస్తే సుమారు 30 కిలోమీటర్ల దూరాన, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న పూడిమడక అచ్యుతాపురం మండలంలోని మత్స్యకార గ్రామం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా అది విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఉత్తరాంధ్ర తీరంలోని ఇలాంటి పల్లెల్లో 1980, 90 దశకాల్లో పెరిగిన తరానికి చిన్ననాటి టెలివిజన్ కార్యక్రమాల మీద ఉన్న మమకారానికి, అప్పట్లో వేరే వినోదం లేకపోవడమే కారణమని చాలామంది చెబుతారు. అందులో కొంత నిజం ఉన్నా, ఆ మాటతో అసలు ప్రశ్నకు జవాబు దొరకదు: హిందీ రాని పిల్లలు, హిందీ రాని తల్లిదండ్రుల పక్కన కూర్చుని, హిందీ ధారావాహికలను అంతగా ఎందుకు ప్రేమించారు? ఆ జవాబును టీవీ పెట్టెలో కంటే, ఆ పెట్టె రాకముందే పల్లెలో స్థిరపడి ఉన్న ప్రేక్షక సంప్రదాయంలో వెతకడం సబబు.

దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైనా, తెలుగు పల్లెకు అది తొలిసారి చేరింది 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు నడిచిన ‘సైట్’ ప్రయోగంతోనే. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలను నేరుగా పంపిన ఈ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఒకే దృశ్యానికి రెండు శబ్ద మార్గాలు ఉండడం వల్ల తెలుగు, కన్నడ పిల్లలు ఒకే చిత్రాన్ని ఎవరి భాషలో వారు వినగలిగారు. అయితే మన రాష్ట్రంలో ఎంపికైన ఊళ్లు లోతట్టు జిల్లాలవి కావడంతో తీరప్రాంతానికి ఆ అనుభవం దక్కలేదు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. ఆ తరువాత నెల తిరగకముందే, నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచి వేలాది ప్రాణాలను బలిగొన్నది. తెలుగు నేలకు టెలివిజన్ కేంద్రం అప్పటికే వచ్చినా, దాని ప్రసారం అందని దూరంలో సముద్రతీరం ఉండిపోయింది.

ఆ దూరాన్ని తగ్గించినది 1983 ఆగస్టు 30న ప్రయోగించిన ఇన్‌శాట్-1బి. ఈ ఉపగ్రహానికి మూడు పనులు అప్పగించారు: టెలిఫోన్ సంబంధాలు, టెలివిజన్ ప్రసారం, వాతావరణ పరిశీలన. దాని ద్వారానే తుపాను హెచ్చరికలను తీరప్రాంతాల్లో అమర్చిన ప్రత్యేక రిసీవర్లకు సూటిగా పంపే ఏర్పాటు, ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో, 1980ల మధ్యలో మొదలైంది. మబ్బుల సుడిని కనిపెట్టే కన్ను, పిల్లలకు కథలు చేరవేసే నోరు ఒకే ఉపగ్రహంలో ఉండడం, వేటకు వెళ్లినవారి రాక కోసం ఒడ్డున ఎదురుచూసే కుటుంబాలకు చిన్న విషయం కాదు. వార్తల చివర వచ్చే వాతావరణ సూచనను మెట్ట ఊరివాడు వానకోసం వింటే, బెస్తవాడు ప్రాణం కోసం వింటాడు. తీరగ్రామాల ఇళ్లలో టెలివిజన్‌కు దొరికిన గౌరవంలో ఈ భాగాన్ని చరిత్రకారులు తగినంతగా గుర్తించలేదు.

1984లో దేశమంతటా, నాలుగు నెలలపాటు దాదాపు రోజుకొకటి చొప్పున, కొత్త ప్రసార కేంద్రాలు వెలిశాయి. వాటిలో ఎక్కువ భాగం తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు, అంటే ఉపగ్రహం నుంచి ఢిల్లీ కార్యక్రమాన్ని అందుకుని చుట్టుపక్కల సుమారు 25 కిలోమీటర్ల మేరకు మళ్లీ వెదజల్లే చిన్న కేంద్రాలు. టెలివిజన్ తరంగాలు దాదాపు సూటిగా ప్రయాణిస్తాయి గనుక దూరం పెరిగినా, కొండ అడ్డువచ్చినా బొమ్మ చెదురుతుంది. నగరానికి దూరంగా ఉన్న పల్లెల్లో వెదురుగడకో ఇనుప గొట్టానికో ఎత్తుగా కట్టిన అల్యూమినియం ఏంటెనా తప్పనిసరి కావడానికి కారణం అదే. గాలికి అది పక్కకు తిరిగినప్పుడు ఒకరు మేడెక్కి తిప్పుతూ ఉంటే, మరొకరు లోపలి నుంచి ‘వచ్చింది, పోయింది’ అని కేక వేయడం, చుక్కలతో నిండిన తెర మీద మనిషి ఆకారం తేలగానే గదంతా సద్దుమణగడం ఆనాటి వీక్షణలో భాగం. సముద్రపు ఉప్పుగాలి లోహాన్ని త్వరగా తినేస్తుంది కాబట్టి తీరంలో ఈ శ్రమ మరింత ఎక్కువ. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థ తయారుచేసిన ‘ఈసీ టీవీ’, మద్రాసు నుంచి వచ్చే డయనోరా, సాలిడేర్ వంటి నలుపు తెలుపు పెట్టెలు వీధికి ఒకటో రెండో ఉండే రోజుల్లో, పెట్టె ఉన్న ఇంటి వసారా వీధివారందరిదీ అయ్యేది.

1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 వరకు 78 భాగాలుగా, ఆదివారం ఉదయాల్లో ప్రసారమైన రామానంద్ సాగర్ ‘రామాయణ్’, ఆపై 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ 24 వరకు 94 భాగాలుగా సాగిన బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ ఆ వసారాలను నింపాయి. భాష అడ్డు కాకపోవడానికి కారణం స్పష్టమే. ఉత్తరాంధ్ర పల్లెల్లో రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెటలను వాయిస్తూ, గజ్జెలు కట్టిన కాళ్లతో గుండ్రంగా తిరుగుతూ రామాయణ భాగవత కథలు ఆడే తప్పెటగుళ్లు, తోలు బిగించిన పాత్రకు కట్టిన తీగను మీటుతూ చెప్పే జముకుల కథ, తోలుబొమ్మలాట, హరికథ తరతరాలుగా ఉన్నాయి. దశరథుడి వరాలు ఎక్కడ బిగుసుకుంటాయో, జటాయువు ఎక్కడ నేలకొరుగుతుందో పిల్లలకు ముందే తెలుసు. మాట అర్థం కానిచోట పక్కన ఉన్న పెద్దవారెవరో తెలుగులో కథ అందిస్తూ ఉంటే, తెర మీది హిందీ ఒక ప్రదర్శనగా, తెర ముందు తెలుగు ఒక వ్యాఖ్యానంగా జోడుగా నడిచేవి. ఆరుబయట తెల్లవార్లూ కూర్చుని ఆట చూసిన అలవాటు, జాతరలకు అద్దె టీవీ, వీసీఆర్ తెచ్చి రాత్రంతా ‘వీడియో వేసిన’ అలవాటు ఈ కొత్త పెట్టెను అనాయాసంగా తమలో కలుపుకున్నాయి. అరుణ్ గోవిల్ రాముడిని పిల్లలు ఇష్టపడ్డారంటే, ఆ రాముడిని ఊరి కళాకారులు వారికి అంతకుముందే పరిచయం చేసి ఉంచారు.

పురాణం కాని కథలకు ఈ సౌకర్యం లేదు. అవి మరో దారిన గెలిచాయి. ఆర్.కె. నారాయణ్ రచనల ఆధారంగా శంకర్ నాగ్ కర్ణాటకలోని ఆగుంబెలో తీసిన ‘మాల్గుడి డేస్’లో స్వామి బడి ఎగ్గొట్టే తీరు, తండ్రి ఎదుట నిలబడే తీరు దక్షిణాది పిల్లవాడివి, ఆ పెంకుటిళ్లు, అరుగులు, పంచెలు చూసిన తెలుగు పిల్లలకు అనువాదం అక్కర్లేకపోయింది. 1993లో హిందీ మాటలతో వచ్చిన జపాన్ యానిమేషన్ ధారావాహిక ‘జంగిల్ బుక్’లో బొమ్మలే కథ చెప్పాయి, గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ బాణీ కట్టిన ప్రారంభ గీతాన్ని, పదాల అర్థం పట్టని పిల్లలు కూడా పూర్తిగా పాడేవారు. 1997 సెప్టెంబరు 13న మొదలైన ‘శక్తిమాన్’ మీద పెద్దలు అనేక అభ్యంతరాలు చెప్పారు. ముఖేష్ ఖన్నా పోషించిన ఆ నాయకుడిని అనుకరించబోయి పిల్లలు గాయపడుతున్నారన్న ఆందోళన న్యాయమైనదే. అయినా కథ ముగిశాక నాయకుడే ముందుకు వచ్చి పిల్లలతో నేరుగా మాట్లాడి, చిన్న తప్పును చూపి దిద్దడం ఆ కార్యక్రమానికి బలమైంది; పిల్లలను ఉద్దేశించి, వారి ముఖం చూస్తున్నట్టు మాట్లాడిన పెద్దమనిషి అప్పటి తెర మీద అరుదు.

తెలుగు వంతు ఆలస్యంగా వచ్చినా బలంగానే వచ్చింది. హైదరాబాద్ దూరదర్శన్ ప్రసారం చేసిన సినిమా పాటల కార్యక్రమం ‘చిత్రలహరి’, ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందోబ్రహ్మ’ సొంత భాషలో నవ్వు, పాట ఉంటే ఇల్లు ఎలా మారుతుందో చూపాయి. 1995 ఫిబ్రవరిలో జెమినీ టీవీ, అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ వచ్చాయి. 1996 నుంచి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిపిన ‘పాడుతా తీయగా’లో పాడిన వారికి తప్పు చెప్పిన తీరులోని మన్నన పిల్లలకు సంగీతంతో పాటు సంస్కారాన్నీ నేర్పిందనడం అతిశయోక్తి కాదు. గుణ్ణం గంగరాజు రూపొందించిన హాస్య ధారావాహిక ‘అమృతం’ 2001 నవంబరు 18 నుంచి 2007 నవంబరు 18 వరకు 313 భాగాలు నడిచింది. గుండు హనుమంతరావు ఆంజనేయులు పాత్రలోని అమాయకత్వం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ మాటల్లో మెదులుతుంది.

కేబుల్ తీగతో, తరువాత డిష్‌తో ప్రతి ఇంటికీ సొంత పెట్టె వచ్చేసరికి వసారా సభ ముగిసింది. ఏంటెనా తిప్పే పని పోవడం మేలే. ఆ పనితో పాటు పక్కింటి పెద్దావిడ చెప్పే వ్యాఖ్యానం కూడా పోవడం నష్టం. 2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్ కారణంగా దూరదర్శన్ ‘రామాయణ్’ను రోజూ ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి మళ్లీ ప్రసారం చేసినప్పుడు, 1987లో పిల్లలుగా ఉన్నవారు తల్లిదండ్రులుగా తమ పిల్లల పక్కన కూర్చుని, హిందీ మాటకు తెలుగు అర్థం చెప్పే బాధ్యతను ఈసారి తామే తీసుకున్నారు.