కొండల్లో చిక్కుకున్నవారి కొరకు

ఉర్దూలో స్వచ్ఛంద సేవకుణ్ణి రజాకార్ అంటారు. రజా అంటే ఇష్టం, కార్ అంటే చేసేవాడు. తన ఇష్టంతో పనికి దిగేవాడని అర్థం. 1948 నాటి సంగతుల వల్ల మన ప్రాంతంలో ఆ మాటకు వేరే అర్థం అంటుకున్నది. కనుక ఈ వ్యాసంలో వాలంటీరు అనే వ్రాస్తాను. సేవా సంఘం సావనీరు గనుక, సేవ కూడా ఒక విద్యేనని, దానికి శిక్షణ కావాలని చూపే ఒక చరిత్ర మీ ముందు పెడుతున్నాను. ఇది బ్రిటన్ కొండలలో జరిగింది.

1928లో ఇంగ్లండులోని పీక్ డిస్ట్రిక్టులో, లాడో రాక్స్ అనే బండల మీద ఎడ్గార్ ప్రయర్ అనే ఆయనకు ప్రమాదం జరిగి తొడ ఎముక విరిగింది. తోటివాళ్ళ దగ్గర స్ట్రెచరు లేదు. బాట పక్కన దారి చూపే కొయ్య స్తంభాన్ని పీకి, దానితో డోలీ వంటిది చేసి, గంటల తరబడి మోసి కిందికి తెచ్చారు. (మన విశాఖ ఏజెన్సీలో డోలీ మోతల సంగతి పత్రికల్లో చదువుతూనే ఉన్నాము కదా, అట్లాంటిదే అనుకోండి.) విరిగిన తొడ ఎముక మామూలు సంగతి కాదు. అడుగడుగునా ఎముక కొసలు కండను కోస్తాయి, లోపల రక్తం పోతుంది, నొప్పికే మనిషి కుంగిపోతాడు. మాంచెస్టరులో విల్సన్ హే అనే సర్జను చివరకు ఆ కాలు తీసివేయవలసి వచ్చింది. పడడం వల్ల జరిగిన హాని కంటే, మార్ఫియా ఇవ్వకుండా అట్లా మోసుకొచ్చినందువల్ల జరిగిన హానే ఎక్కువ అని ఆయన తేల్చారు. మోసినవాళ్ళ మనసులో దయకు లోటు లేదు, చేతిలో సామానుకే లోటు.

పర్వతారోహక క్లబ్బులు కలిసి స్ట్రెచరు కొరకు ఒక కమిటీ వేశాయి. యూస్టేస్ థామస్ అనే ఇంజనీరు స్ట్రెచరు తయారు చేశాడు. దాని అడుగున కొయ్య పట్టీలు ఉంటాయి, మోయలేని చోట నేల మీద జార్చుకుంటూ పోవచ్చు. పిడులు అవసరాన్ని బట్టి బయటికి లాగవచ్చు. తొడ విరిగినప్పుడు కట్టే థామస్ స్ప్లింటు ఈయనది కాదు, అది హ్యూ ఓవెన్ థామస్ అనే వేరొక పెద్దమనిషిది. ఈ రెండూ, మందుల సంచీ కలిపి కొండల కింది సత్రాల్లో, ఇళ్ళలో ఉంచారు.

ఇక మార్ఫియా. అది మత్తుమందుల చట్టం కిందికి వచ్చేది. డాక్టరు కానివారి చేతికి ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. డాక్టరు వచ్చేసరికి గాయపడినవాడు ఉంటాడా పోతాడా అన్నది హే గారి ప్రశ్న. ఆయన తానే మార్ఫియా సమకూర్చి ఆ కేంద్రాలకు ఇస్తూ వచ్చారు. 1949లో కేసు నడిచింది, 10 పౌండ్ల జరిమానా పడింది. కాని ఆ కేసుతో సంగతి అందరికీ తెలిసిపోయి, తరువాత కొండ రక్షక కేంద్రాల్లో మార్ఫియా ఉంచుకోవడానికి ప్రభుత్వమే ఒప్పుకున్నది. చట్టం తప్పడం మంచిదని నేను పిల్లలకు చెప్పను. అయితే ఆ 10 పౌండ్ల ఖర్చుతో ఎందరి నొప్పి తగ్గిందో లెక్క వేయడం కష్టం.

సామాను వచ్చింది, మరి మనుషులో? యుద్ధకాలంలో వేల్స్ కొండల మీద విమానాలు కూలుతుంటే, లాండ్‌రోగ్ విమానస్థావరపు డాక్టరు జార్జ్ గ్రాహం సిబ్బందిని పోగుచేసి కొండలెక్కడం నేర్పాడు. 1943లో అదే వాయుసేన అధికారిక రక్షక దళమైంది. 1946లో గ్రేట్ గేబుల్ కొండ మీద విల్‌ఫ్రిడ్ నాయిస్ కాలు విరిగింది. ఈయన 1953 ఎవరెస్టు యాత్రలో పాల్గొన్న మనిషే. ఆయన్ను దించడానికి పడిన పాట్లు చూసి, కెసిక్ ఊళ్ళో వెస్ట్‌మోర్లండ్ అనే పెద్దాయన వాలంటీర్లను పిలిచి దళం కట్టాడు. 1947లో కానిస్టన్‌లోనూ ఒకటి ఏర్పడింది.

1964 మార్చిలో మళ్ళీ పీక్ డిస్ట్రిక్టులోనే ఫోర్ ఇన్స్ అనే నడక పోటీలో వానకు, చలిగాలికి చిక్కి ముగ్గురు స్కౌట్ యువకులు చనిపోయారు. వెతకడానికి జనం వందల్లో వచ్చారు, కాని ఎవరు ఏ దిక్కు వెతకాలో చెప్పే ఏర్పాటు సరిగా లేదు. గుంపు వేరు, దళం వేరు. ఆ తరువాతే అక్కడి దళాలన్నీ ఒక సంస్థ కిందికి వచ్చాయి.

స్కాట్లండులో హామిష్ మకిన్నిస్ (2020లో గతించారు) 1961లో గ్లెన్‌కో దళాన్ని, 1965లో కుక్కలతో వెతికే సంఘాన్ని స్థాపించారు. మడిచి మోసుకుపోయే స్ట్రెచరు కూడా ఆయనదే. కుక్క గాలిలో మనిషి వాసన పట్టి పోతుంది. గొర్రెల మందలోంచి పోయినా వాటి జోలికి పోకూడదు, అందులో తప్పితే దానికి పని లేదు. నాకు నచ్చింది ఇంకొకటి. కుక్కలకు నేర్పాలంటే తప్పిపోయినవాడు ఒకడు కావాలి కదా! అందుకని కొందరు వాలంటీర్లు వానలో, మంచులో రాళ్ళ చాటున గంటలకొద్దీ కదలకుండా పడుకుంటారు. వారి పేరు ఏ పత్రికలోనూ రాదు.

వీరెవరికీ జీతం లేదు. పోలీసువారు పిలిస్తే పని వదిలి పోతారు. రక్షించినవారి దగ్గర పైసా తీసుకోరు. దుకాణాల్లో పెట్టిన డబ్బాలు, చందాలే వారి ఖజానా.

మన దేశంలో ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ 1965లో వెలసింది. అక్కడ బేసిక్, అడ్వాన్సు కోర్సులు చేసినవారికి వెతుకులాట, రక్షణ కోర్సు కూడా ఉన్నది. మన కుటుంబాల పిల్లల్లో కొండలన్నా, ట్రెక్కింగు అన్నా ఇష్టపడేవారు ఉంటే, ముందు బేసిక్ కోర్సుకు దరఖాస్తు పెట్టించండి.