పత్తి కరువు – బంతి ఆట

కమలాపురం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పక్కల నల్లరేగడి నేలలు పత్తికి పేరుబడ్డవి. దూది ఏకి, మగ్గం నేసి బతికిన కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. అందుకే పత్తి కరువు నాడు జరిగిన ఒక ఫుట్‌బాల్ ఆట సంగతి మన సభ్యులకు చెప్పాలనిపించింది. పత్తికీ బంతికీ ఏం సంబంధం అంటారేమో, చిత్తగించండి.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. బానిసల చెమటతో పండిన అక్కడి దక్షిణాది పత్తే ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు ఆధారం. ఉత్తరాది నౌకలు రేవులను అడ్డగించేసరికి ఆ పత్తి రాక ఆగింది, మిల్లులు మూతబడ్డాయి. 1862 చివరికి దాదాపు 5 లక్షల మంది ఇతరుల సాయం మీద బతకాల్సి వచ్చింది.

ఊరూరా చందాలు పోగుచేశారు. షెఫీల్డు కత్తులకూ ఉక్కుకూ పేరుబడ్డ ఊరు, దానికి పత్తితో పనిలేదు. అయినా అక్కడి రెండు క్లబ్బులు ముందుకొచ్చాయి. 1857లో పుట్టిన షెఫీల్డ్ క్లబ్బు ఒకటి, 1860లో పుట్టిన హాలమ్ క్లబ్బు రెండోది. 1862 డిసెంబరు 29న బ్రామల్ లేన్ క్రికెట్ మైదానంలో లాంకషైర్ బాధితుల నిధి కోసం ఆట పెట్టారు. ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ అప్పటికింకా పుట్టనే లేదు, అది 1863లో వచ్చింది. మూడు గంటలు ఆడినా ఒక్క గోలూ పడలేదు. పైగా మధ్యలో ఇద్దరు ఆటగాళ్లు కలబడ్డారు! వాళ్లెంత పోట్లాడుకున్నా ఆట పెట్టింది మాత్రం ముఖం తెలియని కూలీల కోసమే.

ఆ కూలీలూ తక్కువవాళ్లు కారు. రెండు రోజుల తర్వాత, డిసెంబరు 31న మాంచెస్టర్ కార్మికులు సభ చేసి, తమ కడుపు మాడుతున్నా బానిసత్వం పోవాల్సిందేనని లింకన్‌కు జాబు రాశారు. 1863 జనవరిలో ఆయన కృతజ్ఞతతో బదులు రాశాడు.

మరి మన సంగతో? ఆ మిల్లుల బట్టే మన మగ్గాలను దెబ్బతీసింది. యుద్ధకాలంలో మన దేశపు పత్తికి ధర పెరిగింది, 1865లో యుద్ధం ముగిశాక పడిపోయింది. తర్వాత 1876–78 నాటి ధాత కరువు కడప జిల్లాను కూడా పీల్చివేసింది. అప్పుడు, 1877లో, లండన్ మేయరు పిలుపు మీద అక్కడి జనం ఇచ్చిన చందా మద్రాసు రాజధానికి వచ్చింది.

కష్టం ఒకచోటే కూర్చోదు. ఈరోజు ఇచ్చే చెయ్యి రేపు చాచవలసి రావచ్చు. అందుకే ఇచ్చేటప్పుడు మనవాడా, పైవాడా అని చూడకుండా, ఆకలిగొన్నవాడా అని మాత్రమే చూద్దాం.